ఆరెంజ్ మన భాషల మాటేనా?

కృష్ణాతీరం: ‘ఆరెంజ్’ పుట్టింది మన ‘నారింజ’ నుంచే అంటాను. స్పానిష్‌లో ‘నరాన్హ’, హంగేరియన్‌లో ‘నరాంచ్’. ఇంత దగ్గరగా ఉంటే ఇంకా అనుమానమెందుకు?

పాతనిఘంటువు: పోలిక నిజమే కానీ, ఆ మాట తెలుగు నుంచి నేరుగా వెళ్లలేదండీ. సంస్కృత ‘నారంగ’ పారసీకంలో ‘నారంగ్’, అరబిక్‌లో ‘నారంజ్’ అయి, అరబ్బులతో స్పెయిన్ చేరింది. అసలు విశేషం ఇటలీలో ఉంది. ‘ఉనా నరాంచా’ అంటే ‘ఒక నారింజ’. గబగబా అనేసరికి ‘న’ ముందు మాటకు అతుక్కుపోయి, పండుకు ‘అరాంచా’ మిగిలింది. ఫ్రెంచ్‌లో మొదటి అచ్చు ‘ఒ’ అవడానికి బంగారం అనే అర్థమున్న ‘ఒర్’ కూడా సాయపడిందంటారు. ఇంగ్లీషుకు చేరేసరికే ‘న’ పోయింది. ‘ఎ నారెంజ్’ కాస్తా ‘ఏన్ ఆరెంజ్’ అయిందన్న కథ ఇకనైనా ఆపాలి.

మెట్టవాసి: మరి ఫ్రాన్స్‌లో ఆరెంజ్ అనే ఊరుంది కదా? పండుకు ఆ ఊరి పేరే పెట్టారేమో!

పాతనిఘంటువు: లేదండీ. ఆ ఊరి పాత పేరు అరౌసియో. క్రీ.పూ. 105లో రోమన్లు అక్కడ ఘోరంగా ఓడిపోయారు. పండు పేరు ఫ్రాన్స్‌కు రావడానికి వెయ్యేళ్లకు పైగా ముందు సంగతి అది. పలకడంలో రెండు పేర్లూ కలిసిపోయాయంతే. 1544లో ఆ ఊరి సంస్థానం, తర్వాత డచ్చివాళ్ల తిరుగుబాటుకు నాయకుడైన విలియంకు వారసత్వంగా వచ్చింది. డచ్చివాళ్ల జెర్సీలకు ఆ రంగు అలా వచ్చిందే.

మెట్టవాసి: గ్రీకులో ‘పోర్టొకాలి’ అంటారు. అందులో నారింజ ఊసే లేదు కదా!

పాతనిఘంటువు: గ్రీకులో రెండు మాటలున్నాయి. చేదు పండు ‘నెరాంజి’, తియ్యనిది ‘పోర్టొకాలి’. అరబ్బులు ముందు తెచ్చింది చేదు రకం. తియ్యనిదాన్ని తర్వాత పోర్చుగీసువాళ్లు ప్రచారంలోకి తెచ్చారు, అందుకే వాళ్ల దేశం పేరు పడింది. డచ్చివాళ్లయితే ‘సీనాసాపెల్’, అంటే చైనా ఆపిల్ అన్నారు. ఎవరి చేతుల మీదుగా వస్తే వాళ్ల పేరు.

కృష్ణాతీరం: సరే, ‘నారంగ’ ఎక్కడిది? తమిళంలో ‘నారు’ అంటే వాసన వేయడం, ‘కాయ్’ అంటే కాయ. మలయాళీలు నిమ్మకాయను ఇప్పటికీ ‘నారంగ’ అంటారు. మన నారదబ్బలో కూడా ఆ ‘నార’ ఉంది!

పాతనిఘంటువు: సంస్కృతానికి ద్రావిడ భాషల నుంచే వచ్చి ఉండొచ్చని చాలామంది పండితుల మాట, నేనూ అటే మొగ్గుతాను. కానీ ‘నారింజ’ను సాక్ష్యంగా పెట్టకండి. ఆ చివరి ‘జ’ చూడండి, సంస్కృతంలో ‘గ’, అరబిక్‌లో ‘జ’. మన మాటే తిరుగు ప్రయాణంలో వచ్చిందేమో. నారదబ్బ మీదైతే మీతో వాదించను, అక్కడ మీకు బలముంది.