రోజూ ఎక్కే మెట్లలో అందం ఉందా, మనమే ఊహించుకుంటున్నామా?

మూడో అంతస్తు: కళాచరిత్రకారుడు పెవ్స్‌నర్ 1943లో ఓ గీత గీశాడు. సైకిల్ షెడ్డు ఉత్త కట్టడమట, ఇంగ్లండ్‌లోని లింకన్ కెథడ్రల్ అనే పెద్ద చర్చి అయితే వాస్తుకళట. అందంగా ఉండాలని కట్టిందే వాస్తుకళ అని ఆయన లెక్క. నాకిది మింగుడుపడదు. మామూలు మెట్లలో, వరండాలో అందం లేదా? మీరేమంటారు?

తడిగోడ: కెమెరా పట్టుకుని వచ్చినవాళ్లకి పెచ్చులూడిన గోడ బాగానే ఉంటుందండీ. ఆ గోడ పక్కనే మంచం వేసుకునేవాణ్ని నేను. చెమ్మ వాసన ఫొటోలో రాదు.

మూడో అంతస్తు: చెమ్మని అందం అనలేదండీ, మెట్ల సంగతే అడిగాను. ఇదివరకు అద్దెకున్న ఇంట్లో పైనుంచి రెండో మెట్టు మిగతావాటికంటే అంగుళం ఎత్తు. కంటికి తెలిసేది కాదు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ అక్కడే తట్టుకుని, వెనక్కి తిరిగి మెట్టుని అనుమానంగా చూసేవారు. ఇప్పుడున్న చోట చీకట్లో కూడా చూసుకోకుండా ఎక్కేస్తాను. ఉండబట్టలేక టేపు పెట్టి కొలిచాను. ఎత్తు 16 సెంటీమీటర్లు, అడుగు వేసే వెడల్పు 30. రెండు ఎత్తులూ ఒక వెడల్పూ కలిపితే 62. ఆ మొత్తం మనిషి ఒక్క అడుగు వేసే దూరానికి సరిపోవాలని 17వ శతాబ్దంలోనే ఫ్రెంచ్ వాస్తుశిల్పి బ్లాండెల్ చెప్పాడు. ఇప్పటికీ 60, 65 మధ్య ఉండేలా చూస్తారు.

స్కేలు పెన్సిలు: అది సౌకర్యం. తలుపు గడియ సరిగ్గా పడితే అందం అంటామా?

కిటికీ పక్కన: నేనైతే అంటాను! ఫిన్లాండ్‌లో ఆల్వార్ ఆల్టో కట్టిన పైమియో క్షయ ఆసుపత్రి ఉంది, 1933 నాటిది. పడుకున్న రోగికి ఎప్పుడూ కనిపించేది కప్పే కదా అని దానికి ముదురు రంగు వేయించాడు, దీపం కళ్లలో పడని చోట పెట్టాడు. ఒకరు చేతులు కడుక్కుంటే పక్క మంచం మీదివాళ్లకి నిద్ర చెడకూడదని, నీళ్లు చప్పుడు లేకుండా జారేలా వాష్‌బేసిన్‌కి వాలు ఇచ్చాడు. ఇందులో సౌకర్యం ఎక్కడ ఆగింది, అందం ఎక్కడ మొదలైందో విడదీసి చెప్పండి చూద్దాం.

తడిగోడ: అంత పేరున్న ఆర్కిటెక్ట్ కడితే అది మామూలు చోటు ఎలా అవుతుందండీ?

మూడో అంతస్తు: ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. కానీ మా మెట్ల రెయిలింగ్ ఎవరు చేశారో ఎవరికీ తెలీదు. దాని చివర కిందికి వంచి, మొన గుండ్రంగా అరగదీసి ఉంది. దిగేటప్పుడు చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్తుంది, ఒక్క క్షణం ఆగుతుంది. చెయ్యి గీసుకోకూడదని చేశాడా, చూడ్డానికి బాగుంటుందని చేశాడా? పెవ్స్‌నర్ గీతకి ఇది ఏ పక్కకి వస్తుంది?

స్కేలు పెన్సిలు: చేసినవాణ్ని అడగాలి. మీరు చెయ్యి వేసినప్పుడు గుర్తొస్తున్నాడంటే మాత్రం గడియ కంటే ఎక్కువే అనుకుంటా.

తడిగోడ: సరే, రెయిలింగ్ వరకు ఒప్పుకున్నాను. గోడ సంగతి ఒప్పుకోను. సోమవారం ప్లంబర్ వస్తానన్నాడు.