రిటర్న్ పుస్తకాల పేరుతో మా డబ్బు కోసేశారు: చిన్న సంస్థల బకాయిల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చా?

మాది విజయవాడలో చిన్న ప్రచురణ సంస్థ. ఒక ఆన్‌లైన్ పుస్తకాల కంపెనీ పర్చేజ్ ఆర్డర్ ఇస్తే జనవరి 8న 200 కాపీలు వాళ్ల గోడౌన్‌కు చేర్చాం. ఒక్కోటి 250 రూపాయలు, 40 శాతం డిస్కౌంట్ పోను మాకు రావాల్సింది 30,000. డెలివరీ చలానా మీద వాళ్ల స్టాంపు, సంతకం ఉన్నాయి.

70 రోజుల తర్వాత 64 కాపీలు 'డ్యామేజ్' అంటూ వెనక్కి పంపారు. అట్టపెట్టెలో కాగితం ముక్క కూడా అడ్డు పెట్టలేదు, మూలలన్నీ నలిగిపోయాయి. కొన్నింటి మీద కస్టమర్ అడ్రస్ లేబుల్ ఇంకా అలాగే ఉంది. అంటే అమ్ముడై తిరిగొచ్చినవే కదా! వాటికి 9,600, రవాణాకు 1,850 కోసేసి మిగతాదే వేశారు. రాత్రుళ్లు కూర్చుని ప్రూఫులు దిద్దిన పుస్తకాలను ఆ స్థితిలో చూస్తే ప్రాణం ఉసూరుమంది.

సపోర్ట్‌కు ఐదు టికెట్లు పెట్టాం, ప్రతిసారీ అదే ఆటోమేటిక్ జవాబు. ఫొటోలు, చలానా మెయిల్ చేశాం. రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు కూడా పంపాం, ఉలుకూ పలుకూ లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే, మీరు అమ్మకందారులు కాబట్టి మా పరిధిలోకి రారన్నారు.

సరుకు అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టేనని సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం వచ్చిన 2006 ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈ చట్టంలో ఉంది. మాకు చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఈ ఆర్డర్‌కు ముందు నుంచే ఉంది. చిక్కల్లా ఒక్కటే. వాళ్ల ఆర్డర్‌లో 'ఎప్పుడైనా రిటర్న్ చేయవచ్చు' అనే షరతు ఉంది, మేం సంతకం చేశాం.

ఆ షరతు ఉన్నా, ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో మా ఫిర్యాదు నిలుస్తుందా?