పురి: డీఎన్ఏ పాఠానికి పనికొచ్చే తెలుగు మాట

మొన్న ఒకరు అడిగారు, డీఎన్ఏ ప్రతికృతి (ఒక డీఎన్ఏ నుంచి రెండు తయారవడం) పాఠం తెలుగులో చెప్తుంటే ద్వికుండలి, అంటే రెండు పోగులు మెలిపడిన డబుల్ హెలిక్స్, అనగానే పిల్లల మొహాలు వాడిపోతున్నాయి, వేరే మాట లేదా అని. ఉందండీ, పురి. కిరాణా కొట్లో పొట్లం కట్టే పురికొసలో ఉన్న పురే.

ఒక మూర పురికొస తీసుకుని, అవతలి చివర ఎవరినైనా గట్టిగా పట్టుకోమని, ఇవతలి నుంచి పోగుల్ని విడదీస్తూ పోండి. విడదీసిన కొద్దీ ముందున్న పురి బిగిసి మెలికలు పడి ఇక కదలదు. కణంలోనూ ఇదే ఇబ్బంది. పోగుల్ని విడదీసేది హెలికేస్ అనే ఎంజైమ్, బిగిసిన పురిని సడలించేది టోపోఐసోమరేస్. అది పోగును తెంపి, మెలిక వదిలించి, మళ్లీ తనే అతికేస్తుంది. ఈ.కోలి బాక్టీరియాలో కొత్త పోగును కట్టే పాలిమరేస్ సెకనుకు దాదాపు 1000 డీఎన్ఏ అక్షరాలు (బేస్‌లు) పేరుస్తుంది, పదిన్నర అక్షరాలకో చుట్టు కాబట్టి సెకనుకు దాదాపు 95 చుట్ల పురి విప్పాలి! అక్కడ ఈ పని చేసే టోపోఐసోమరేస్ అయిన గైరేస్‌ను, తెంపిన పోగు అతకనివ్వకుండా పట్టేసేదే మనం వాడే యాంటీబయాటిక్ సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర.

వ్యాఖ్య: నెమలి పురి విప్పడం కూడా ఇదేనా అండీ?

జవాబు: కాదండీ, అక్కడ పురి అంటే పింఛం. ఇక్కడిది దారానికి పెట్టే పురి.

వ్యాఖ్య: మాది నేత కుటుంబం. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు కొత్త పోగుల్ని ఒక్కొక్కటే పాత పోగులకు మెలిపెట్టి కలుపుతాం, అచ్చు అతకడం అంటాం. డీఎన్ఏ ముక్కల్ని కలిపే లైగేస్ చేసేది ఇదే కదా?

జవాబు: ఎంత బాగా చెప్పారండీ! పాలిమరేస్ ఒక దిక్కుగానే పేర్చగలదు, రెండు పోగులేమో ఎదురు దిక్కులవి, అందుకే ఒక పోగు మీద పని ముక్కలు ముక్కలుగానే సాగుతుంది. 1960ల్లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో వీటిని కనిపెట్టిన రేజీ, త్సునేకో దంపతుల ఇంటిపేరే వీటికి పెట్టారు, ఒకజాకీ ముక్కలని. మన కణాల్లో ఒక్కోటి 100 నుంచి 200 అక్షరాలే. ప్రతి ముక్కకీ మొదట ప్రైమేస్ చిన్న ఆర్ఎన్ఏ తునక పెడుతుంది, తర్వాత దాన్ని తీసేసి ఆ ఖాళీని డీఎన్ఏతో పూడ్చాక లైగేస్ వచ్చి అతుకుతుంది. మీ అచ్చులో చేత్తో తడిమితే అతుకు తెలుస్తుంది కదా, ఇక్కడ ఆ జాడ కూడా ఉండదు.

లైగేస్ పేరు మార్చమని నేననడం లేదు. అది చేసే పనిని సంధానం, సంయోజనం అనకుండా అతకడం అని చెప్పండి చాలు.