‘అజ్ఞాతవాసం’ అనొచ్చా? ఆన్ ఫ్రాంక్ నాటకం తెలుగు చేస్తుంటే వచ్చిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఎం.ఏ. ఇంగ్లీషు విద్యార్థిని. మాకు పాఠ్యంగా ‘ది డైరీ ఆఫ్ ఆన్ ఫ్రాంక్’ నాటకం ఉంది. ఫ్రాన్సెస్ గుడ్రిచ్, ఆల్బర్ట్ హాకెట్ అనే దంపతులు ఆ అమ్మాయి డైరీ ఆధారంగా రాశారు. 1955 అక్టోబరు 5న న్యూయార్క్‌లో మొదటి ప్రదర్శన, 1956లో పులిట్జర్ బహుమతి. తెలుగు మీడియం నుంచి వచ్చిన మా జూనియర్లకి దీన్ని తెలుగులో చదివి వినిపించాలనుకున్నాం. మొదటి అంకమూ చివరి సన్నివేశమూ తెలుగు చేసే పని నాది.

కథ తెలియనివారికి నాలుగు ముక్కల్లో. ఆన్‌ది యూదు కుటుంబం. 1940 మే నెలలో, యూదుల్ని వేటాడే నాజీ జర్మన్లు నెదర్లాండ్స్‌ని ఆక్రమించారు. 1942 జులై 5న ఆన్ అక్క మార్గట్‌కి ‘పని శిబిరానికి రావాలి’ అని తాఖీదు వచ్చింది. మర్నాడు పొద్దున్నే కుటుంబమంతా ఇల్లు వదిలి, ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ కాలవ ఒడ్డున, తండ్రి ఆటో ఫ్రాంక్ నడిపిన కంపెనీ భవనం వెనక భాగంలోకి చేరింది. తర్వాత మరో కుటుంబం, ఆ తర్వాత ఒక పళ్ల డాక్టరు వచ్చారు. మొత్తం ఎనిమిది మంది. 1944 ఆగస్టు 4న పోలీసులు వచ్చి పట్టుకుపోయేదాకా, రెండేళ్లకు పైగా, అక్కడే.

ఈ ఉండటాన్ని తెలుగులో ఏమనాలి? క్లాసులో అందరూ ఒక్క గొంతుతో ‘అజ్ఞాతవాసం’ అన్నారు. పోస్టరు మీద ఆ మాటే వేద్దామన్నారు. నాకు మనసొప్పడం లేదు.

పాండవులు విరాటుడి కొలువులో దాక్కోలేదు. అందరి కళ్లముందూ తిరిగారు. కంకుభట్టుగా పాచికలాడారు, వలలుడిగా వండిపెట్టారు, బృహన్నలగా ఆట నేర్పారు. మొహం చూపించి పేరు దాచుకున్నారు. ఈ ఎనిమిది మందికి మొహం చూపించే వీలే లేదు. నాటకం మొదట్లో తండ్రి అందరినీ కూర్చోబెట్టి చెప్పే నియమాలు చూడండి. కింద పనివాళ్లు ఉన్నంతసేపూ, అంటే పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా, బూట్లు వేసుకోకూడదు. అత్యవసరమైతే తప్ప కదలకూడదు. గుసగుసకి మించి గొంతు లేవకూడదు. కుళాయి తిప్పకూడదు. దొడ్డికి వెళ్లకూడదు. ఆఖరికి బంగాళాదుంప తొక్క కూడా బయట పారెయ్యకూడదు, అది చూసి పైన మనుషులున్నారని ఎవరైనా పసిగట్టొచ్చు. బంగాళాదుంప తొక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఒక మనిషి ఇక్కడ అన్నం తింటున్నాడు అన్న ఆనవాలే వాళ్లకి ప్రమాదం.

రెండోది గడువు. పాండవులకి లెక్క తెలుసు, పన్నెండేళ్ల అడవి తర్వాత ఒక్క ఏడాది. ఆ మాట వినగానే తెలుగువాడి మనసులో ‘అయిపోతుంది’ అన్న భరోసా కూడా వచ్చేస్తుంది. ఈ ఇంట్లో ఆ భరోసా ఎవరికీ లేదు.

‘దాక్కున్నారు’ అందామంటే పిల్లల ఆటలా ఉందని మావాళ్లు అంటున్నారు. పెద్దలు చెప్పండి.

— తెలుగు మాస్టారు ఒకరు (విశ్రాంత ఉపాధ్యాయులు):

అమ్మాయీ, ప్రశ్న బాగుంది. అయితే అజ్ఞాతవాసాన్ని మరీ వేషాలకే కుదించెయ్యకు. తిక్కనగారి విరాటపర్వం ఇంకోసారి చూడు. నిండు కొలువులో కీచకుడు ద్రౌపదిని తన్నాడు. ధర్మరాజు చూస్తున్నాడు. భీముడు చూస్తున్నాడు. ఎవరూ ‘ఇది నా భార్య’ అనలేకపోయారు. అజ్ఞాతవాసమంటే వేషం మార్చడం ఒక్కటే కాదు తల్లీ, కళ్లముందు జరుగుతున్నదానికి నోరు విప్పలేకపోవడం. ఆ బాధ మీ నాటకంలో లేదా?

— ప్రశ్న అడిగిన విద్యార్థిని:

ఉంది మాస్టారూ, మీరు చెప్పాక ఇంకా బాగా తెలుస్తోంది. డైరీలో ఆ అమ్మాయి ఒకచోట, చీకటి పడ్డాక వీధిలో యూదుల్ని గుంపులుగా తోలుకుపోవడం చూశానని రాస్తుంది. తను వెచ్చటి పక్కమీద పడుకుంటున్నందుకు తప్పు చేసినట్టుందని కూడా అంటుంది. మీరన్న నోరు విప్పలేకపోవడం అదే.

కానీ కీచకుణ్ణి మర్నాటి రాత్రే భీముడు చంపుతాడు. ఏడాది తిరగ్గానే జమ్మిచెట్టు మీద ఆయుధాలున్నాయి. కథ విన్న ప్రతివాడికీ ఆ చెట్టు సంగతి తెలుసు. అందుకే ద్రౌపది ఏడుస్తుంటే కూడా మనకి లోపల ఒక ధైర్యం ఉంటుంది. ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ ఇంట్లోవాళ్లకి జమ్మిచెట్టు లేదు. ఎనిమిది మందిలో బతికి తిరిగొచ్చింది ఆటో ఫ్రాంక్ ఒక్కడే. ఆ ధైర్యాన్ని మాటతోపాటు ఊరికే అంటగట్టడం నాకు న్యాయంగా అనిపించడం లేదు.

— పత్రికలో పనిచేసే సభ్యుడు:

ఇంకో ఇబ్బంది కూడా ఉందండి. మా డెస్కులో ‘అజ్ఞాతం’ అనే మాట రోజూ పడుతుంది. ‘కేసు నమోదు కాగానే అజ్ఞాతంలోకి వెళ్లిన నిందితుడు’, ‘ఇరవయ్యేళ్లుగా అజ్ఞాతంలో ఉన్న నేత’. పోలీసులు వెతికేవాడికి ఏదో కారణం ఉండే ఉంటుందన్న వాసన ఆ మాటకి పట్టేసింది. ఈ కుటుంబం చేసిన నేరమేమిటి? పుట్టడం. పోస్టరు మీద ‘అజ్ఞాతం’ అని వేస్తే ఆ తేడా కనబడదు.

— విద్యార్థిని:

సరిగ్గా చెప్పారండి. ఈ సంగతి నాటకంలోనే ఒక సన్నివేశంగా ఉంది. మొదటి అంకం చివర, యూదుల హనుకా పండగ రాత్రి. ఆన్ అందరికీ చిన్నచిన్న కానుకలు తయారుచేసి పంచుతుంది. అంతలో కింద ఆఫీసులో చప్పుడవుతుంది. దొంగ పడ్డాడు. దీపం ఆర్పబోతూ పీటర్ (ఆ రెండో కుటుంబంలోని కుర్రాడు) తూలి పడతాడు, ఆ మోతకి దొంగ పారిపోతాడు. ఇక అందరికీ ఒకటే భయం. రేపు వాడు దొరికితే, తనని వదిలిపెట్టమని బేరం పెట్టి, ఫలానా చోట యూదులున్నారని చెప్పేస్తాడేమో అని. దొంగతనానికి వచ్చినవాడికి పోలీసుల దగ్గర బేరమాడే దారి ఉంది. ఏ పాపమూ ఎరగని పిల్లలకి లేదు.

మన దాగుడుమూతల పాట గుర్తొచ్చింది. ‘ఎక్కడి దొంగలక్కడే గప్‌చుప్’ అంటాం కదా, దాక్కున్నవాళ్లనే దొంగలంటాం. అందుకే ‘దాక్కోవడం’ ఆటమాటలా ఉందన్న అభ్యంతరం నాకు బలంగా అనిపించడం లేదు. పదమూడేళ్ల పిల్ల నోట ఆటమాట రావడమే సహజం. ఆ ఇంటిని ఒక వింత వేసవి విడిదిగా అనుకుంటానని నాటకంలో తనే అంటుంది.

— నెదర్లాండ్స్‌లో ఉండే సభ్యురాలు:

నేనుండేది ఆమ్‌స్టర్‌డామ్‌కి దగ్గర్లోనే, అందుకని ఇక్కడివాళ్ల మాట చెబుతాను. ఇలా ఉండటాన్ని డచ్‌లో ‘ఒండర్‌డౌకెన్’ అంటారు, అంటే నీళ్లలోకి మునగడం. యుద్ధకాలంలో అలా మునిగినవాళ్లని ‘ఒండర్‌డౌకర్’ అనేవారు. ఒక్క యూదులే కాదు, జర్మనీలో వెట్టిచాకిరీకి పోవడం ఇష్టంలేని డచ్చి కుర్రవాళ్లూ వేలమంది మునిగారు. దేశంలో ఉన్న దాదాపు 1,40,000 మంది యూదుల్లో లక్షకు పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు.

అమ్మాయి ‘భవనం వెనక భాగం’ అని రాసింది. కాలవ ఒడ్డు ఇళ్లకి ముఖం ఇరుకు, లోతు ఎక్కువ. ముందొక ఇల్లు, దాని వెనక ఇంకో ఇల్లు. ఆ వెనకదాన్ని ‘ఆఖ్టర్‌హౌస్’ అంటారు. అది రహస్య గదేమీ కాదు, అలాంటివి ఇక్కడ వీధి పొడుగునా ఉంటాయి. రహస్యమైంది దాని తలుపు. ఆ తలుపుకి అడ్డంగా కదిలే పుస్తకాల అర ఒకటి చేయించారు. ఆన్ తన పుస్తకానికి పెట్టుకున్న పేరు కూడా అదే, 1947లో ఆ పేరుతోనే అచ్చయింది. తెలుగులో ‘వెనకిల్లు’ అనేస్తే చాలు. ‘రహస్య స్థావరం’ అని మాత్రం దయచేసి రాయకు తల్లీ, అదేదో ముఠా కథలా ఉంటుంది.

— ఇంకో సభ్యుడు:

‘తలదాచుకోవడం’ ఎవరికీ తట్టలేదేమండీ? ‘తుఫానొచ్చి ఊరంతా బళ్లో తలదాచుకున్నారు’ అంటాం. దాక్కోవడమంటే ఎవరినుంచో దాక్కోవడం. తలదాచుకోవడమంటే ఎవరి పంచనో. ఎవరో చోటిచ్చారన్న సంగతి ఆ క్రియలోనే ఉంది.

— విద్యార్థిని:

అన్నా, ఇది చాలా పెద్ద సాయం. నాటకం చూసినవాళ్లు తరచుగా మరిచిపోయేది ఆ చోటిచ్చినవాళ్లనే. మీప్ గీస్, ఆమె భర్త యాన్, బెప్ వోస్కౌల్, విక్టర్ కూగ్లర్, యోహన్నెస్ క్లైమన్. రెండేళ్లపాటు కూరలు, రొట్టె, లైబ్రరీ పుస్తకాలు, బయటి కబుర్లు మోసుకొచ్చింది వాళ్లే. పోలీసులు వచ్చిన రోజు కూగ్లర్‌నీ క్లైమన్‌నీ కూడా పట్టుకుపోయారు. నేల మీద చెల్లాచెదురుగా పడి ఉన్న ఆన్ కాగితాల్ని మీప్, బెప్ ఏరి దాచారు. అందుకే తండ్రి మాటల్లో ‘తలదాచుకుంటున్నాం’ పెడతాను. ఆయనకి ఎవరి దయమీద బతుకుతున్నాడో తెలుసు. ఆన్ మాటల్లో ‘దాక్కున్నాం’.

నాకు ఈ నాటకంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు కూడా చెప్పాలి. వచ్చిన మొదటి రోజే పీటర్ తన కోటుకి కుట్టిన పసుపుపచ్చ నక్షత్రాన్ని పీకేస్తాడు. అది లేకుండా బయటికెళితే అరెస్టు చేస్తారు కదా అంటుంది ఆన్. బయటికెవరు వెళుతున్నారు అంటాడు. నిజమే కదా అని ఆన్ కూడా తనది విప్పుతుంది. చూస్తే బట్ట మీద నక్షత్రం ఉన్న మేర రంగు వేరుగా ఉంది, ఆకారం అలాగే కనిపిస్తోంది. పీటర్ తనది పొయ్యిలో వేస్తాడు. ఆన్ వెయ్యలేకపోతుంది, ఎందుకో తనకే తెలియదంటుంది. వాళ్లని వేరుచేసి అవమానించడానికి కుట్టించిన గుడ్డముక్క అది, కానీ యూదులకి పవిత్ర చిహ్నమైన దావీదు నక్షత్రం కూడా కదా. దాక్కున్న చోట కూడా ఆమె తన్ను తాను చెరుపుకోలేదు. పేరు మార్చి బతికే అజ్ఞాతవాసానికీ దీనికీ తేడా నాకు ఈ సన్నివేశంలోనే స్పష్టమైంది.

— మాస్టారు:

ఒప్పుకుంటున్నానమ్మా. ‘అజ్ఞాతవాసం’ వదిలెయ్. మరి ఆ ప్రసిద్ధమైన చివరి వాక్యం సంగతేమిటి? సి.బి.ఎస్.ఇ. పదో తరగతిలో ఈ డైరీ నుంచి ఒక పాఠం ఉండటంతో మా మనవరాలు చదివింది. ఆ వాక్యం మాత్రం పాఠంలో లేకపోయినా గోడమీద రాసిపెట్టుకుంది. నీ తెలుగెలా ఉందో చూపించు.

— విద్యార్థిని:

మొదట ఇలా రాశాను మాస్టారూ: ‘ఇంత జరిగినా, మనుషులు లోలోపల మంచివాళ్లేనని నేనింకా నమ్ముతున్నాను.’

వినడానికి బాగానే ఉంది. కానీ నాటకంలో ఆ మాట ఎక్కడ వస్తుందో చూడండి. అరెస్టు అయిపోయింది. తండ్రి ఒక్కడే తిరిగొచ్చి, బెల్సెన్ (బెర్గెన్-బెల్సెన్) అనే నాజీ నిర్బంధ శిబిరంలో కూతురు పోయిన సంగతి తెలిసిందని చెప్పాడు. డైరీ తెరిచాడు. అప్పుడు ఆన్ గొంతు ఈ మాట అంటుంది. ఆ స్థానంలో ‘ఇంత జరిగినా’ అంటే ప్రేక్షకుడు ఆ ‘ఇంత’లో బెల్సెన్‌ని కూడా కలిపేస్తాడు. అన్నీ అనుభవించి, అందరినీ క్షమించి ఆ పిల్ల ఈ మాట అన్నదనుకుని, తేలికైన మనసుతో ఇంటికెళతాడు.

ఆమె ఆ వాక్యం రాసింది 1944 జులై 15న. అప్పటికి వెనకింట్లోనే ఉంది. తర్వాత తనని తోలుకుపోయిన వెస్టర్‌బోర్క్, ఆష్‌విట్జ్, బెర్గెన్-బెల్సెన్ శిబిరాలు ఇంకా చూడలేదు. చూశాక ఏమనుకుందో రాయడానికి కాగితమూ లేదు, బతుకూ లేదు. 1945 ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో అక్కాచెల్లెళ్లిద్దరూ బెల్సెన్‌లో పోయారు. ఏప్రిల్ 15న బ్రిటిష్ సైన్యం ఆ శిబిరానికి చేరింది. పైగా డైరీలో ఆ వాక్యం ముగింపు కాదు. వెంటనే తర్వాత, లోకం మెల్లగా ఎడారి అయిపోతోందని, తమని కూడా మింగే ఉరుము దగ్గరవుతోందని రాస్తుంది. ఆ తర్వాత మళ్లీ ఆశ. భయమూ ఆశా ఒకదాన్నొకటి నెట్టుకుంటున్న పేరాలోంచి ఒక్క వాక్యాన్ని తీసుకుని, నాటకకర్తలు తెర దించేచోట పెట్టారు. రంగస్థలం మీద అది పండుతుంది, నేను కాదనను. కానీ ఆ అమ్మాయికి అది అన్యాయమని నా గట్టి నమ్మకం. 1997లో వెండీ కెసెల్‌మన్ ఈ నాటకాన్ని సవరించినప్పుడు ముగింపు మార్చారు. అందులో చివర మాట్లాడేది తండ్రి, ఎవరెవరు ఎక్కడ ఎలా పోయారో చెబుతాడు.

మేము చదువుతున్నది పాత ప్రతి కాబట్టి వాక్యం స్థానం మార్చలేను. క్రియ మార్చగలను. ‘జరిగినా’ అంటే అయిపోయినట్టు. ‘జరుగుతున్నా’ అంటే ఇంకా సాగుతోంది, ఎటు పోతుందో తెలియదు. అందుకని: ‘ఇన్ని జరుగుతున్నా, మనుషుల్లో లోలోపల మంచి ఉందని నేనింకా నమ్ముతున్నాను.’ ‘మంచివాళ్లే’ కూడా తీసేశాను. డచ్ మూలంలో ఉన్నది మనిషి లోపలి మంచితనం మీద నమ్మకం. మనుషులంతా మంచివాళ్లని ఆమె కితాబివ్వలేదు.

— నెదర్లాండ్స్ సభ్యురాలు:

మూలానికి ఇదే దగ్గర. ‘జరుగుతున్నా’ ఉంచు.

— మాస్టారు:

‘ఇంకా’ని ‘నేను’కి ముందుకు తెచ్చి చదివి చూడమ్మా. ‘మంచి ఉందని ఇంకా నేను నమ్ముతున్నాను’ అంటే బరువు ‘నేను’ మీద పడుతుంది. ‘నేనింకా’ అంటే ‘ఇంకా’ మీద. నువ్వు రాసిందే సరైనది. అలాగే నియమాల చోట ‘నిశ్శబ్దం పాటించవలెను’ అని రాసి ఉంటే కొట్టెయ్. అది ఆస్పత్రి గోడమీద బోర్డు. తండ్రి పిల్లలతో ‘చప్పుడు చెయ్యకూడదు’ అంటాడు.

— విద్యార్థిని:

అలాగే మాస్టారూ. పోస్టరు మీద పేరు ‘వెనకిల్లు’ అని పెట్టమని మావాళ్లకి చెప్పాను, ఒప్పుకున్నారు. మొదటి సన్నివేశం తెలుగు ప్రతి రేపు ఇక్కడే పెడతాను. సంభాషణల్లో ఎక్కడ పుస్తకభాష తగిలినా మొహమాటం లేకుండా చెప్పండి.