ఓటరు అభ్యర్థిని చూస్తాడా, పార్టీని చూస్తాడా, అసలు చూస్తాడా?

నిశితం:
ఎన్నికల ఫలితాలు వెలువడిన ప్రతిసారీ ఓటరు విజ్ఞతను పొగడడం మనకు అలవాటుగా మారింది. విధానాలను తూచి, హామీలను పోల్చి, అభ్యర్థుల గుణగణాలను పరీక్షించి ఓటరు ఒక తీర్పు ఇచ్చాడని రాస్తారు. నాకు ఇందులో నమ్మకం లేదు. 1940 అమెరికా అధ్యక్ష ఎన్నికల కాలంలో పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో ఒకే వ్యక్తులను నెలల తరబడి పదేపదే కలిసి ప్రశ్నించింది. చాలామంది ప్రచారం వేడెక్కక ముందే నిశ్చయానికి వచ్చేశారనీ, ఒక పక్షం నుంచి ఎదుటి పక్షానికి మారినవారు కొద్దిమందేననీ తేలింది. ఇక 2005లో అలెగ్జాండర్ టోడొరోవ్ బృందం ప్రచురించిన పరిశోధన మరింత ఇబ్బందికరమైనది. అమెరికా సెనేట్‌కు పోటీపడిన ఇద్దరి ఫొటోలు చూపి, వారెవరో తెలియనివారిని ‘ఎవరు సమర్థులుగా కనిపిస్తున్నారు’ అని మాత్రమే అడిగారు. నూటికి దాదాపు 70 పోటీల్లో వారు ఎంచుకున్న ముఖమే గెలిచిన ముఖం. ఓటరు నిర్ణయించడు, ఉన్న మొగ్గుకు కారణాలు సమకూర్చుకుంటాడు అన్నది నా ప్రతిపాదన. విభేదించేవారు ఆధారాలతో రావాలని మనవి.

పాతచందాదారు:
సమర్థంగా కనిపించడానికి ఏ స్టూడియోకు వెళ్ళాలో కూడా చెబితే కొందరికి ఉపయోగపడుతుంది.

నీలికలం:
నిశితం గారూ, ఆ 70 గురించి ముందుగా మాట్లాడుకుందాం. ఇద్దరే పోటీలో ఉన్నప్పుడు కళ్ళు మూసుకుని వేలు పెట్టినా సగం సరిపోతాయి కాబట్టి, లెక్కను 50 దగ్గర మొదలుపెట్టాలి. పైగా ముఖానికీ గెలుపుకూ సంబంధం కనిపించినంత మాత్రాన ఓటరు ముఖం చూసి వేశాడని తేలదు. గెలిచే అవకాశం ఉన్న చోట పార్టీలు అనుభవం, నిండుదనం ఉన్నవారిని నిలబెడతాయి, ఆశలేని చోట ఎవరు దొరికితే వారిని నిలబెడతాయి. ముఖానికీ ఓటుకూ మధ్య కనిపించే పొంతనలో అభ్యర్థుల ఎంపిక పాత్ర పెద్దదని 2009లో అట్కిన్సన్, ఎనోస్, హిల్ అనే ముగ్గురు పరిశోధకులు చూపించారు. అంటే ముఖాన్ని ఎంచుకున్నది చాలావరకు పార్టీ.

రెండోమాట:
మీరిద్దరూ ఫొటోల దగ్గరే ఆగిపోయారు. నేను శాసనసభకు స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేసినవాడిని కాబట్టి ఈ విషయం నాకు కాగితాల ద్వారా కాక అనుభవం ద్వారా తెలుసు. అంతకుముందు ఎన్నో ఏళ్ళుగా పింఛను రానివారికి దరఖాస్తులు రాసిపెట్టాను, కార్యాలయాల చుట్టూ వారితో కలిసి తిరిగాను. ఓటు అడగడానికి వెళ్ళినప్పుడు ప్రతి గుమ్మంలోనూ ‘మీలాంటివారే రావాలి’ అన్నారు. చివరకు ధరావతు కూడా దక్కలేదు. గెలిచిన వ్యక్తి ఆ వీధులలో ఎన్నడూ కనిపించినవాడు కాడు, గుర్తు మాత్రం పెద్ద పార్టీది. అభ్యర్థిని చూసి ఓటు వేయడం అనే మాట ఒక మర్యాద మాత్రమేనని ఆనాడు అర్థమైంది.

చివరిబెంచీ:
అసలు ప్రశ్న బ్యాలెట్ మీద ఆధారపడుతుంది కదా. ఇజ్రాయెల్‌లో ఓటరు పార్టీ జాబితాకే ఓటు వేస్తాడు, అక్కడ అభ్యర్థిని విడిగా ఎంచుకునే వీలే లేదు. ఐర్లండ్‌లో ఒకే పార్టీకి చెందిన ఇద్దరిలో ఎవరు ముందు, ఎవరు తరువాత అని కూడా ఓటరు అంకెలు వేసి చెప్పవచ్చు. ఓటరు స్వభావం అని మనం అనుకునేదానిలో కొంత బ్యాలెట్ స్వభావమే.

నిశితం:
చివరిబెంచీ గారి మాట సబబే కానీ దానివల్ల నా వాదన కదలలేదు. నీలికలం గారి ఆక్షేపణకు వస్తాను. పార్టీలే మంచి ముఖాలను ఎంచుకుంటున్నాయి అంటే, ముఖం పనిచేస్తుందని పార్టీలకు తెలుసు అన్నమాటే కదా! 2009లోనే స్విట్జర్లాండ్‌లో ఆంటొనాకిస్, డల్గాస్ అనే ఇద్దరు చిన్నపిల్లలకు ఫ్రాన్స్ పార్లమెంటు అభ్యర్థుల ఫొటోలు జంటలుగా చూపి, ‘మీ ఓడకు కెప్టెన్‌గా ఎవరు కావాలి’ అని అడిగారు. పిల్లలు ఎంచుకున్నవారు కూడా దాదాపు అదే నిష్పత్తిలో గెలిచినవారే. విధానాల గురించి ఏమీ తెలియని పిల్లవాడూ, పత్రికలు చదివే ఓటరూ ఒకే ముఖం దగ్గర కలుసుకుంటుంటే, ఆ పత్రికా పఠనం దేనికి ఉపయోగపడినట్లు?

నీలికలం:
‘ఓటరు’ అని అందరినీ ఒకే మూటగా కట్టడం వల్లనే ఈ పొరపాటు వస్తోంది. ముఖం ప్రభావం ముఖ్యంగా రాజకీయ విషయాలు తక్కువ తెలిసి, టీవీ ఎక్కువ చూసేవారిలో కనిపిస్తుందని 2011లో లెంజ్, లాసన్ చూపారు. మిగతావారి మాటేమిటి? రెండోమాట గారి అనుభవానికి సమాధానం నిజానికి 1957లో ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ చెప్పినదానిలో ఉంది. ఒక్కరి ఓటు ఫలితాన్ని తేల్చే అవకాశం అత్యల్పం కాబట్టి, ప్రతి అభ్యర్థి గురించీ సమగ్రంగా తెలుసుకోవడానికి పడే శ్రమకు తగిన ప్రతిఫలం ఓటరుకు దక్కదు. అందుకే అతడు పార్టీ పేరును దగ్గరిదారిగా వాడుకుంటాడు. ఎవరు ఎవరి పక్షాన నిలుస్తారో ఆ ఒక్క పేరుతో చాలావరకు తెలిసిపోతుంది. దీనిని అవివేకం అనలేము.

పైగా సభలో జరిగేది కూడా చూడాలి. భారతదేశంలో 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం, పార్టీ టికెట్ మీద గెలిచిన సభ్యుడు విప్‌ను (ఎలా ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని) ధిక్కరించి ఓటు వేస్తే సభ్యత్వమే పోవచ్చు. సభ్యుడు ఎంత ఉత్తముడైనా సభలో పార్టీ చెప్పినట్లే చెయ్యి ఎత్తాలని చట్టమే అంటున్నప్పుడు, ఓటరు పార్టీని చూడడంలో వింత ఏముంది?

రెండోమాట:
మీ ఉదాహరణ నా పక్షానే నిలుస్తుంది. విప్‌కు లొంగనవసరం లేనివాడు స్వతంత్రుడు ఒక్కడే. మరి అటువంటివాడిని ఎందుకు ఎన్నుకోరు? శ్రమ, ప్రతిఫలం అని మీరు అందంగా చెబుతున్నారు. నేను చూసింది వేరు. ఇంటి పెద్ద ఒక మాట అంటాడు, ఇల్లంతా అటే వెళుతుంది. సంఘం పెద్ద ఒక మాట అంటాడు, వీధంతా అటే వెళుతుంది. దీనికి డౌన్స్ అక్కరలేదు, మందకు కాపరి ఉంటే చాలు.

పాతచందాదారు:
ఓట్లు అడిగేటప్పుడు దేవుళ్ళు, లెక్కింపు తరువాత గొర్రెలు. ఓడినవారందరి నిఘంటువూ ఒకటే.

నిశితం:
రెండోమాట గారు కటువుగా అన్నా, నా ప్రతిపాదనకే వచ్చారు. మరొక ఆధారం జోడిస్తాను. 2016 నవంబరులో అమెరికాలో అధ్యక్ష పదవి చేతులు మారబోతోందని తెలిసిన వెంటనే, ఆర్థిక పరిస్థితి బాగుపడుతోందనే రిపబ్లికన్ మద్దతుదారుల సంఖ్య సర్వేలలో ఒక్కసారిగా పెరిగింది, డెమొక్రాట్ల అంచనా దిగజారింది. ఆ కొద్దిరోజులలో దేశ ఆర్థిక వ్యవస్థ మారలేదు. కళ్ళద్దాలు మారాయి.

నీలికలం:
నిశితం గారూ, గట్టి మద్దతుదారులు అలాగే ప్రవర్తిస్తారు. ఎన్నికలను తేల్చేది మాత్రం వారు కారు. 2024నే చూడండి. ధరల పెరుగుదల ఎన్నో దేశాలను కుదిపిన తరువాత బ్రిటన్‌లో పాలక పక్షం ఘోరంగా ఓడింది, జపాన్‌లో పాలక కూటమి దిగువ సభలో ఆధిక్యం కోల్పోయింది, అమెరికాలో అధికారం మారింది. కళ్ళద్దాలు అంత గట్టివైతే ఇన్ని చోట్ల ఒకే ఏడాదిలో ఇంతమంది ఎలా కదిలారు?

ఇక రెండోమాట గారికి. మంద అన్న మాటను నేను చూసీచూడనట్లు వదలలేను. మా కుటుంబం, మా చుట్టుపక్కల కుటుంబాలు కూర్చుని మాట్లాడుకుని ఒకే వైపు ఓటు వేసినవే. ఆ కూర్చోవడంలో గొడవలు ఉండేవి, పాత అవమానాల జాబితా ఉండేది, కిందటిసారి మాట తప్పినది ఎవరో పేరుపేరునా గుర్తుచేసుకునేవారు. మాలో ఒక్కొక్కరు విడిగా వెళ్ళి అర్జీ ఇచ్చినప్పుడు కార్యాలయంలో కుర్చీ కూడా చూపించలేదు. అందరం ఒకే వైపు వేస్తామని తెలిసిన తరువాతే అభ్యర్థులు మా వీధికి వచ్చారు. విడివిడిగా ఆలోచించి ఓటు వేయడం గొప్ప గుణమే కావచ్చు. విడిగా వెళ్ళినా మాట చెల్లుబాటయ్యేవారికి అది సులభం.

నిర్వాహకుడు:
సభ్యులు ఓటర్లను జంతువులతో పోల్చవద్దు. వాదన కొనసాగించవచ్చు.

రెండోమాట:
మాట ఉపసంహరించుకోమంటే మాట వరకు ఉపసంహరిస్తాను, అభిప్రాయాన్ని కాదు. రహస్య బ్యాలెట్ ఎందుకు వచ్చింది? 1856లో ఆస్ట్రేలియా వలస రాజ్యాలలో మొదలై ప్రపంచమంతా పాకిన ఆ పద్ధతి ఉద్దేశమే ఓటరును యజమాని నుంచి, పెద్దల నుంచి, గుంపు నుంచి విడదీసి ఒంటరిగా నిలబెట్టడం. ఆ తెర వెనుకకు కూడా గుంపును వెంటబెట్టుకుని వెళ్ళేవారు ఆ తెరను వృథా చేస్తున్నారు. ఓటు ఒక మనిషి మరొక మనిషి యోగ్యతపై ఇచ్చే తీర్పు అని నేను నమ్ముతాను. మీరు దానిని బేరంలో పెట్టే సరుకు అంటున్నారు. మన మధ్య ఉన్న తేడా ఇదే. ఫొటోల గొడవ అంతా వృథా ప్రయాస.

నీలికలం:
తేడా అదేనని నేనూ ఒప్పుకుంటాను, సరుకు అన్నది మాత్రం మీ మాట. తెర బెదిరింపును ఆపడానికి వచ్చింది, సలహాను ఆపడానికి కాదు. నాకు యోగ్యత మీద తీర్పు ఇచ్చే తీరిక కన్నా ముందు కావలసినది, ఎవరు అధికారంలోకి వస్తే నాపై ఏమి పడుతుందో అన్న లెక్క. 2002లో ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నికల మొదటి విడతలో వామపక్ష ఓటర్లు తమతమ మనసుకు నచ్చిన అభ్యర్థుల మధ్య చీలిపోయారు. ప్రధానిగా ఉన్న వామపక్ష అభ్యర్థి జోస్పాన్‌కు 16.2 శాతం, తీవ్ర కుడిపక్ష నాయకుడు లె పెన్‌కు 16.9 శాతం వచ్చాయి. మొదటి ఇద్దరే పోటీపడే రెండో విడతకు లె పెన్ వెళ్ళారు. అప్పుడు అదే వామపక్ష ఓటర్లు తాము ఏనాడూ ఇష్టపడని కుడిపక్ష అధ్యక్షుడు షిరాక్‌కు ఓటు వేయవలసి వచ్చింది, ఆయన 82 శాతంతో గెలిచారు. మొదటి విడతలో ప్రతి ఒక్కరూ మీరు చెప్పినట్లు ఒంటరిగా, నిజాయతీగానే తీర్పు ఇచ్చారు.

మీకు ఒక ప్రశ్న. ఏ పక్షానికీ ఆధిక్యం రాని సభలో మీరు గెలిచి ఉంటే, ప్రభుత్వ ఏర్పాటుకు ఎవరిని సమర్థిస్తారో మీ కరపత్రంలో రాశారా?

నిశితం:
2002లో ఫ్రాన్స్‌లో పోటీచేసిన అభ్యర్థుల ముఖాలపై కూడా అధ్యయనం జరిగింది. నేను పైన చెప్పిన పిల్లల పరీక్షకు వాడిన ఫొటోలు ఆ ఏడాది జరిగిన పార్లమెంటు ఎన్నికలవే.

పాతచందాదారు:
నిశితం గారూ, చర్చ ముఖాలను దాటి ముందుకు వెళ్ళింది.

రెండోమాట:
రాయలేదు. ఎందుకు రాయాలి? సమయం వచ్చినప్పుడు పరిస్థితిని బట్టి, మనస్సాక్షిని బట్టి నిర్ణయిస్తానని సభలలో చెప్పాను. ముందే ఒక పక్షం పేరు రాస్తే ఇక నేను స్వతంత్రుడిని ఎలా అవుతాను? ప్రజలు నన్ను ఎన్నుకోవలసింది నా మనస్సాక్షిని నమ్మి.

నీలికలం:
మేము ఇంటింటా కూర్చుని వేసుకునే మొదటి ప్రశ్న అది. మీరు దరఖాస్తులు రాసిపెట్టిన మనిషికి మీ మీద గౌరవం ఉండి ఉంటుంది, ‘మీలాంటివారే రావాలి’ అన్న మాట కూడా నిజమే అయి ఉంటుంది. అయితే ఆ మనిషి పింఛను ఉంటుందో ఊడుతుందో తేల్చేది మీ చేతిరాత కాదు, ఏర్పడబోయే ప్రభుత్వం. ఆ ప్రభుత్వం ఎవరిదో తేల్చే మీ ఒక్క ఓటు ఎటు పడుతుందో చెప్పకుండా నమ్మమన్నారు. గెలిచిన అభ్యర్థి గుర్తు ఆ ఒక్క విషయమైనా చెప్పింది.

రెండోమాట:
గుర్తు చెప్పినదాన్ని గెలిచినవాడు నిలబెట్టుకుంటాడని మీకు అంత నమ్మకమా? గెలిచిన తరువాత రాజీనామా చేసి మరో పార్టీ టికెట్ మీద మళ్ళీ పోటీకి దిగినవారు ఎంతమంది లేరు? వారికి ఓటు వేసినవారూ గుర్తును చూసే వేశారు. నేను వచ్చేసారి కూడా పోటీ చేస్తాను, కరపత్రంలో ఏ పక్షం పేరూ రాయను.

చివరిబెంచీ:
కనీసం ఏ పక్షానికి ఎట్టి పరిస్థితిలోనూ మద్దతు ఇవ్వరో రాయవచ్చు కదా. దానికి స్వతంత్రత అడ్డురాదు.

రెండోమాట:
ఆలోచిస్తాను. మీ సూచన మర్యాదగా ఉంది కాబట్టి మాత్రమే.