సిటిజన్‌షిప్‌కి కంటిన్యువస్ రెసిడెన్స్: ఇండియా వెళ్తే ఎన్నాళ్లు ఉండొచ్చు?

ప్రశ్న (డాలస్ నుంచి): అందరికీ నమస్కారం. అన్నయ్య స్పాన్సర్ చేసిన గ్రీన్ కార్డుల మీద మా ఆవిడ, నేను పోయిన నెలే వచ్చాం. గుంటూరు దగ్గర గవర్నమెంట్ టీచర్ని. రిటైర్‌మెంట్‌కి ఇంకా ఏడాదిన్నర ఉంది. వెళ్లి సర్వీసు పూర్తి చేసుకుంటూ, ఆర్నెల్లకోసారి ఇక్కడికొచ్చి మొహం చూపించిపోతే చాలని చుట్టాలంటున్నారు. సిటిజన్‌షిప్‌కి ఐదేళ్లు కంటిన్యువస్‌గా ఉండాలట కదా, అంటే అసలు కదలకూడదా?

జవాబు (న్యూజెర్సీ): కదలొచ్చు మాస్టారూ. నాలుగు వారాలు పెళ్లికెళ్లి వస్తే ఎవరూ ఏమీ అనరు. ఆర్నెల్లు దాటితే మాత్రం రెసిడెన్స్ తెగిందనే ముందు అనుకుంటారు. తెగలేదని మీరే చూపించాలి: ఇల్లు, టాక్సులు, ఇక్కడే ఉన్న కుటుంబం. అక్కడ ఉద్యోగం చేస్తుంటే ఆ వాదన బలహీనపడుతుంది. ఏడాది దాటితే వాదనే లేదు, తెగినట్టే.

ఇక ఆ "మొహం చూపించడం" సంగతి. ఇది మనవాళ్లలో బాగా పాతుకుపోయిన అపోహ. మీ కాపురం నిజంగా ఎక్కడుందని చూస్తారు. జీతం, ఇల్లు అక్కడే పెట్టుకుని ఏడాదికి రెండుసార్లు దిగి వెళ్లేవాళ్లకి కార్డే ప్రమాదంలో పడొచ్చు.

మీకు కావాల్సింది రీ-ఎంట్రీ పర్మిట్, అంటే ఎక్కువకాలం బయట ఉండి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి పత్రం. దానికి ఫారం ఐ-131. అమెరికాలో ఉండగానే అప్లై చేయాలి, వేలిముద్రలు ఇచ్చాకే బయల్దేరండి. మామూలుగా రెండేళ్ల వరకు ఇస్తారు. అయితే అది బస్సు సీటు మీద వేసిన తువ్వాలు లాంటిది: సీటు (కార్డు) పోదు, ప్రయాణం (సిటిజన్‌షిప్ లెక్క) మాత్రం మొదలవదు. ఏడాది దాటి తిరిగొస్తే సిటిజన్‌షిప్ అప్లికేషన్‌కి ఆ రోజు నుంచి కనీసం 4 ఏళ్ల 1 రోజు ఆగాలి. పైగా అప్లై చేసే ముందు ఐదేళ్లలో మొత్తం 30 నెలలు మీరు స్వయంగా అమెరికాలో ఉండి తీరాలి, అది వేరే లెక్క.

జవాబు (అట్లాంటా): న్యూజెర్సీ అన్నగారు చెప్పినదానికి రెండు ముక్కలు కలుపుతా. ఇండియా జీతం కూడా ఇక్కడి టాక్స్ రిటర్న్‌లో చూపించాలి. ఎవరైనా కన్సల్టెంట్ "నాన్ రెసిడెంట్‌గా ఫైల్ చేసేద్దాం" అంటే వద్దనండి, అది మీ కార్డుకే ఎసరు. రెండోది, ఎయిర్‌పోర్టులో ఐ-407 ఫారం చేతికిస్తే కంగారుపడి సంతకం పెట్టొద్దు. అది కార్డు మనంతట మనమే వదులుకుంటున్నామని రాసివ్వడం. పెట్టనని చెప్పి ఇమిగ్రేషన్ జడ్జి ముందుకు వెళ్లే హక్కు ఉంది. వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ ఎప్పటికప్పుడు రాసుకోండి, సిటిజన్‌షిప్ అప్లికేషన్ ఫారం ఎన్-400లో అవన్నీ అడుగుతారు. టికెట్ తీసే ముందు ఒకసారి లాయర్‌తో మాట్లాడండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. మా ఆవిడ ఇక్కడే ఉంటానంటోంది. స్కూలు తెరిచేలోపు వేలిముద్రల అపాయింట్‌మెంట్ రాకపోతే సెలవు పొడిగించమని అడుగుతాను.