‘ఖాళీ అయింది’ వేరు, ‘ఖాళీ చేశారు’ వేరు: మెయిల్ సర్వర్ దగ్గర తగిలిన చిక్కు

గ్రూపులో పెద్దలకు నమస్కారం. ‘ఖాళీ’ అనే మాట నాలుగు రోజులుగా నన్ను వదలట్లేదు.

నేనొక సంస్థలో మెయిల్ సర్వర్ చూసుకుంటాను. మాది ఇప్పటికీ సొంత గదిలో నడిచే మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్. అందరి మెయిళ్లూ ఉండే డేటాబేస్ ఫైలు 300 జీబీకి చేరింది, డిస్కు నిండిపోవచ్చింది. టెన్షన్ పడి తెలుగులోనే ఒక నోటీసు పెట్టాను: “పాత మెయిళ్లు తీసేసి జాగా ఖాళీ చేయగలరు.”

అందరూ మనసుపెట్టి చేశారు. అకౌంట్స్‌లో పెద్దాయన ఒకరు శనివారం మధ్యాహ్నమంతా కూర్చుని పాత బిల్లుల స్కాన్ కాపీలు ఒక్కొక్కటీ తెరిచి చూసుకుంటూ తీసేశారు. మూడు వారాలయ్యాక చూస్తే ఫైలు అదే 300 జీబీ. ఆయన నా కుర్చీ పక్కన నిలబడి స్క్రీన్ చూసి, “మేం ఖాళీ చేశాం కదమ్మా, మరి తగ్గలేదేం?” అన్నారు. “ఖాళీ అయింది సార్, కానీ ఖాళీ చేయలేదు” అన్నాను. అనేశాక నాకే తట్టింది, సంగతంతా ఈ రెండు మాటల మధ్యే ఉందని.

లోపల జరిగేది ఇదీ. డేటాబేస్ ఫైలు 32 కేబీ పేజీలుగా, అంటే చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. మెయిల్ తీసేసినా, సెట్టింగ్ మార్చకపోతే 14 రోజులు వెనక్కి తెచ్చుకునే వీలుంటుంది. ఆ తర్వాత ఆ పేజీల మీద ఖాళీ అని గుర్తు పడుతుంది. అంతే, ఫైలు మాత్రం వాటిని విండోస్‌కి తిరిగివ్వదు. రేపు వచ్చే మెయిల్ అక్కడే కూర్చుంటుంది. మా స్క్రీన్ మీద ‘డేటాబేస్ సైజ్’ 300 జీబీ అని, ‘అవైలబుల్ న్యూ మెయిల్‌బాక్స్ స్పేస్’ 110 జీబీ అని పక్కపక్కనే కనిపిస్తున్నాయి. ఈ 110నే మా పనిలో వైట్ స్పేస్ అంటారు.

గిన్నె ఖాళీ అయిందంటే అందులోది పోయిందని, గిన్నె మనదే. ఇల్లు ఖాళీ చేశారంటే సామాను తీసి, తాళం యజమాని చేతికిచ్చారని. మెయిల్ తీసేయడం మొదటి రకం. నా నోటీసు చదివినవాళ్లకు వినపడింది రెండోది. వైట్ స్పేస్‌కి, దాన్ని డిస్కుకి తిరిగి ఇప్పించే పనికి విడివిడిగా ఏం మాటలు వాడొచ్చు?

కరీంనగర్ వైపు నుంచి: మా దగ్గర దీనికి మాట ఉంది అక్కా: పడావు. భూమి పడావు పడ్డదంటే పంట లేదని, పట్టా మాత్రం ఆ రైతు పేరు మీదనే ఉన్నదని. వచ్చే కాలం ఆయనే దున్నుకుంటడు, వేరేటోళ్లు నాగలి పెట్టనీకి లేదు. మీ 110 జీబీ సంగతి కూడా అదే కద.

కడప నుంచి: మేం బీడు అంటాం. అయితే ‘బీడు’ అనగానే పనికిరాని నేల అనే భావం కూడా వస్తుంది. మీ ఫైల్లో ఉన్నది పనికొచ్చే చోటే కాబట్టి నాకు అంతగా నచ్చలేదు.

తెలుగు మాస్టారు, విశ్రాంత జీవితం: ‘ఖాళీ’ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది, ‘జాగా’ పారశీకం నుంచి. రెండూ ఎప్పుడో మన ఇంటివైపోయాయి, తీసేయాల్సిన పని లేదు. ‘ఉద్యోగ ఖాళీలు’ అంటామే, అది చూడండమ్మా. మనిషి లేడు, పోస్టు మాత్రం ఆ శాఖదే. రేపు ‘భర్తీ’ చేస్తారు. పోస్టునే ఎత్తేస్తే దాన్ని ‘రద్దు’ అంటాం, ఖాళీ అనం. పలక పట్టిన పిల్లలకు కూడా ‘ఖాళీలను పూరించుము’ తెలుసు. కాబట్టి వైట్ స్పేస్‌కి ‘ఖాళీ’ అనే నామవాచకం చక్కగా సరిపోతుంది. మిమ్మల్ని చిక్కులో పెట్టింది ‘చేయు’ అనే క్రియ.

ఇంకొకరు: ‘లోఖాళీ’ అంటే ఎలా ఉంటుంది?

మొదట రాసినావిడ: ‘లోఖాళీ’ అర్థమవుతుంది గానీ, మా ఆఫీసులో ఎవరి నోటా రాదండీ. ‘పడావు’ నాకు చాలా నచ్చింది తమ్ముడూ, మా టీమ్ వరకు ఈ రోజు నుంచే వాడుతున్నాం. మాస్టారూ, మీరు చెప్పిన ఉద్యోగ ఖాళీతో నాకు ముడి విడిపోయింది. పెద్దాయన దగ్గరికి వెళ్లి అదే చెప్పాను: మీ శ్రమ వృథా కాలేదు సార్, ఆ ఖాళీలు భర్తీ అయ్యేదాకా ఫైలు పెరగకుండా నెట్టుకొస్తుంది. ఆయన ముఖం తేటపడింది.

ఇక రెండో పని, ఆ జాగాని డిస్కుకి తిరిగి ఇప్పించడం. దానికి రెండు దారులు. ఈఎస్ఈయుటిల్ అనే పనిముట్టుతో ఫైలుని బిగించి కొత్తగా రాయించడం ఒకటి. అప్పుడు డేటాబేస్‌ని ఆపేయాలి, అది పూర్తయ్యేదాకా అందులో ఉన్న ఎవరికీ మెయిల్ ఉండదు. పైగా ఫైలు సైజుకి 110 శాతం చోటు ముందే చేతిలో ఉంచుకోమంటారు. చోటు లేకే కదా ఈ అవస్థ! రెండోది, వేరే డిస్కు మీద కొత్త డేటాబేస్ పెట్టి, మెయిల్‌బాక్సులన్నీ తట్టాబుట్టా సర్దుకుని అక్కడికి మారడం. జనం పని చేసుకుంటుండగానే మారిపోతాయి, పడావు వెంట రాదు. జరిగిన ప్రతి మార్పునూ రాసుకునే లాగ్ ఫైళ్లు మాత్రం ఒక్కొక్కటి 1 ఎంబీ చొప్పున కుప్పలుగా పడతాయి, బ్యాకప్ కనిపెట్టుకుని ఉండాలి. సర్వర్ తన పనికి వాడుకునే సిస్టమ్ మెయిల్‌బాక్సుల్ని మార్చడం మర్చిపోతే పాత డేటాబేస్ తొలగించనివ్వదు. తొలగించాక కూడా ఫైలు డిస్కు మీదే ఉంటుంది, చేత్తో తీసేయాలి. అప్పుడు గానీ తాళం యజమానికి అందినట్టు కాదు. నేను ఈ దారే పట్టాను.

గుంటూరు నుంచి: ఆ పనికి ‘రాబట్టడం’ అనండి. బాకీ రాబట్టుకున్నాం అంటాం కదా. మన సొమ్మే, ఇంకొకరి దగ్గర ఇరుక్కుంది, అడిగి తెచ్చుకున్నాం. ‘పునరుద్ధరణ’ లాంటి మాటలతో పని లేదు.

మొదట రాసినావిడ: ఇంతకంటే మంచి మాట నాకు దొరకదండీ. నోటీసు మార్చి ఇలా పెట్టాను, తప్పులుంటే దిద్దండి:

“పాత మెయిళ్లు తీసేస్తే మీ మెయిల్‌బాక్సులో చోటు ఖాళీ అవుతుంది. కొత్త మెయిళ్లు ఆ ఖాళీల్లోకే వస్తాయి. డిస్కు మీద జాగా రాబట్టే పని మేం చూసుకుంటున్నాం. ఆదివారం రాత్రి మీ మెయిల్‌బాక్సు కొత్త డేటాబేస్‌లోకి మారుతుంది. సోమవారం అవుట్‌లుక్ ఒకసారి మూసి తెరవమంటే, అలా చేయండి.”